పిల్లల్ని, కుక్కని కలిపి బీచ్‌కి తీసుకెళ్తున్నారా? బయల్దేరే ముందు నుంచి ఇంటికొచ్చి కాళ్ళు కడిగేదాకా ఏం చెయ్యాలంటే

మాది ఎంవీపీ కాలనీ. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు, మామయ్యగారు, మేమిద్దరం, ఇంకా పండు. పండు అంటే మా కుక్క, మామూలు ఊరకుక్కే, వానాకాలంలో మా సెల్లార్లో బైకుల మధ్య వణుక్కుంటా కూర్చుంటే పిల్లలు పైకి తెచ్చేశారు, అప్పట్నుంచి మాతోనే. విశాఖలో ఉంటూ బీచ్‌కి వెళ్ళకుండా ఎవరుంటారు చెప్పండి, ఆదివారం వచ్చిందంటే తెల్లారకుండానే పిల్లలు బూట్లు వేసేసుకుని గుమ్మం దగ్గర రెడీ, పండు అయితే బెల్టు చప్పుడు వింటే చాలు గిర్రున తిరిగేస్తది.

పోయిన ఏడాది మా పాపకి అరికాలు పక్కన దురద మొదలైంది. చూస్తే సన్నగా ఎర్రటి గీత, చర్మం కింద దారం పెట్టి కుట్టినట్టు వంకరటింకరగా ఉంది. దగ్గర్లో ఒక క్లినిక్‌లో చూపిస్తే తామర అని క్రీమ్ ఇచ్చారు, పది రోజులు రాశాం, తగ్గలేదు సరికదా రాత్రిళ్ళు పిల్ల నిద్ర లేచి ఏడ్చేది. నాకు డౌటొచ్చి ఒక రాత్రి బాల్‌పెన్నుతో ఆ గీత చివర చుక్క పెట్టాను, మర్నాడు పొద్దున్నే చూస్తే గీత ఆ చుక్క దాటేసి గోరు వెడల్పు ముందుకెళ్ళింది! అప్పుడు చర్మం డాక్టరు గారి దగ్గరికి పరిగెట్టాం, ఆయన చూడగానే చెప్పేశారు, ఇది కుక్కల, పిల్లుల కడుపులో ఉండే కొంకి పురుగు (హుక్‌వార్మ్) పిల్ల అమ్మా, ఇసకలోంచి కాలికెక్కింది అని. మందు రాశారు, కొద్ది రోజుల్లో పోయింది. తర్వాత ఆయన అడిగిన ఒక్క ప్రశ్న మాత్రం నా మనసులో ఉండిపోయింది. మీ కుక్కకి నట్టల మందు ఎప్పుడు వేశారు అన్నారు. ఆరు నెలల పైనే అయింది, మర్చిపోయాను. పాప కాల్లోది పండు నుంచే వచ్చిందో బీచ్‌లో తిరిగే ఇంకో కుక్క నుంచి వచ్చిందో చెప్పలేం, కానీ ఆ రోజు నుంచి కుక్క ఆరోగ్యం వేరు, పిల్లల ఆరోగ్యం వేరు అని నేను అనుకోవట్లేదు. అందుకే ఇప్పుడు మేం ఏం చేస్తున్నామో మొత్తం రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుంది.

ముందు ఇంటి దగ్గర పని. కుక్కపిల్లని తెచ్చుకున్న వెంటనే బీచ్‌కి తీసుకెళ్ళిపోకండి, ఎంత ముద్దొచ్చినా సరే. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లు, దాదాపు నాలుగు నెలలు నిండేదాకా ఈ కోర్సు నడుస్తుంది. మూడు నెలలకి రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం, మామూలుగా ఏడాదికోసారి. ఈ కోర్సు పూర్తయ్యే లోపల నేల మీద తిప్పితే పార్వో అనే వైరస్ జబ్బు అంటుకోవచ్చు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది, రక్తంతో విరోచనాలు, వాంతులు, రెండు మూడు రోజుల్లో పిల్ల చేతికి రాకుండా పోతుంది. అప్పటిదాకా ఎత్తుకుని బాల్కనీలో, మేడ మీద తిప్పుకోండి చాలు.

నట్టల మందు అయితే కుక్కపిల్లకి మూడు నెలలు వచ్చేదాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల వరకు నెలకోసారి, పెద్దయ్యాక మూడు నెలలకోసారి. డోసు బరువుని బట్టి ఉంటుంది, కాబట్టి డాక్టరుని అడిగే వెయ్యండి. నేను గ్యాస్ బుక్ చేసిన తేదీ రాసే క్యాలెండర్ మీదే పండు మందు తేదీ కూడా రాసేస్తున్నా, వంటింట్లో కళ్ళెదురుగా ఉంటది కాబట్టి మర్చిపోయే ప్రశ్నే లేదు. పెద్దవాళ్ళు ఏం కాదులే ఊరకుక్కలకి ఇవన్నీ ఎవరు వేశారు అంటారు, మా అత్తయ్యగారూ మొదట్లో అన్నారు, మనవరాలి కాలు చూశాక ఆవిడే ఇప్పుడు నాకు గుర్తు చేస్తున్నారు.

ఇక టైము. ఫిబ్రవరి దాటాక పొద్దున్న ఏడున్నర తర్వాత కుక్కని ఇసక మీద నడిపించొద్దు. మనకి చెప్పులుంటాయి, దానికి లేవు కదా. చెయ్యి వెనక భాగం రోడ్డు మీద గానీ ఇసక మీద గానీ ఆనించి ఏడు లెక్కపెట్టండి, అంతసేపు ఉంచలేకపోతే దాని పాదాలూ కాలిపోతాయి. ఇంకో సంగతి, కుక్కకి మనలాగ ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఫ్యాను. మన విశాఖలో గాల్లో తేమ ఎక్కువ, ఉక్కపోత రోజుల్లో ఆ రొప్పడం కూడా సరిగ్గా పనిచెయ్యదు. అందుకే హైదరాబాద్‌లో చుట్టాలింట్లో కుక్క తట్టుకున్న ఎండని ఇక్కడ మన కుక్క తట్టుకోవాలని లేదు. చిక్కటి చొంగ కారుతూ, తూలుతూ, చిగుళ్ళు మరీ ఎర్రగా అయిపోయి రొప్పుతుంటే నీడలోకి తెచ్చి మామూలు నీళ్ళతో ఒళ్ళంతా, ముఖ్యంగా పొట్ట కింద, కాళ్ళ మధ్య తడపండి, గాలి తగలనివ్వండి, బేగి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిపోండి. ఐసు గడ్డలు మాత్రం రుద్దకండి. నోట్లో బలవంతంగా నీళ్ళు పొయ్యకండి.

ఏ బీచ్ అంటే, ఆర్కే బీచ్ ఆదివారం సాయంత్రం వద్దే వద్దు. ఆ జనం, గుర్రాలు, బుడగలవాళ్ళు, పిల్లల అరుపులు, ఎంత నెమ్మదస్తుడైన కుక్కైనా బెదిరిపోతుంది, బెదిరిన కుక్కే కరుస్తుంది. పొద్దున్న పూట అయితే పర్లేదు. మేం ఎక్కువగా సాగర్ నగర్ వైపు వెళ్తాం, జనం పల్చగా ఉంటారు. రుషికొండలో బ్లూ ఫ్లాగ్ సర్టిఫికెట్ (శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన భాగం ఉంది కదా, 2020లో వచ్చింది, ఆ సర్టిఫికెట్ నిబంధనల్లోనే పెంపుడు జంతువుల మీద కట్టడి ఉంటుంది, కాబట్టి అటు తీసుకెళ్ళొద్దు. జోడుగుళ్ళపాలెం లాంటి చోట్ల మత్స్యకారులు వలలు ఆరబెట్టుకుంటారు, చేపలు ఎండబెట్టుకుంటారు, అది వాళ్ళ కూడు, కుక్కని అటు పోనివ్వకుండా బెల్టు పొట్టిగా పట్టుకుని దూరంగా నడవండి. మన కుక్కకి కూడా అక్కడే ప్రమాదం, ఇసకలో గాలాలు పడి ఉంటాయి, ఎండిపోయిన చేప వాసనకి గబుక్కున నోట్లో పెట్టేస్తది. గాలం పెదవికి గుచ్చుకుంటే లాగకండి, దారం కొంచెం వదిలి కోసి అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వలలోంచి పారేసిన వాటిలో ఒళ్ళు ఉబ్బించుకునే ముళ్ళ చేప కూడా ఉంటుంది, దాని విషానికి విరుగుడు మందు లేదు, చచ్చినది నోట పెట్టినా ప్రాణం మీదకొస్తుంది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన జెల్లీ చేపలూ అంతే, చచ్చిపోయినా కుడతాయి, పిల్లలు జెల్లీలా ఉందని కాలితో తంతారు, ముందే చెప్పి ఉంచండి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంకో జాగ్రత్త. మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, ఒక్కో తాబేలు వంద దాకా గుడ్లు ఇసకలో పూడ్చి వెళ్ళిపోతుంది, దాదాపు నెలన్నర నుంచి రెండు నెలలకి పిల్లలు బయటకొస్తాయి. కుక్కలకి ఆ వాసన తెలిసిపోద్ది, తవ్వి తినేస్తాయి. మన పండు మంచోడే కానీ కుక్క కుక్కే కదా. ఆ నెలల్లో బెల్టు ఒక్క నిమిషం కూడా వదలొద్దు, ఇసకలో ట్రాక్టరు చక్రం పోయినట్టు పెద్ద జాడ కనబడితే అటు వెళ్ళకండి, గూడు బయటపడి ఉంటే ఫారెస్ట్ వాళ్ళకి చెప్పండి, వాళ్ళు గుడ్లు తీసుకెళ్ళి హేచరీలో పొదిగించి సముద్రంలో వదులుతారు. మా బాబు ఒకసారి ఆ పిల్లలు నీళ్ళలోకి పాక్కుంటా వెళ్ళడం చూశాడు, బొటనవేలంత ఉన్నాయి, అప్పట్నుంచి బెల్టు వాడే పట్టుకుంటాడు, వదలమన్నా వదలడు.

బ్యాగులో పెద్దగా ఏం అక్కర్లేదు. రెండు లీటర్ల మంచినీళ్ళు, ఒక గిన్నె, పాత టవల్, నాలుగు కవర్లు, సబ్బు ముక్క. నీళ్ళు మాత్రం తప్పనిసరి, దాహమేస్తే కుక్క సముద్రం నీళ్ళే తాగేస్తది, కొంచెం తాగితే విరోచనాలతో సరిపోతుంది, ఎక్కువ తాగితే వాంతులు, తూలడం, ఫిట్స్ దాకా వెళ్తుంది. అందుకే పావుగంటకోసారి పిలిచి మంచినీళ్ళు పెట్టండి. కవర్లు దేనికో మీకు తెలుసు. ఇసకలో దొడ్డికెళ్తే పైన ఇసక కప్పేసి వచ్చేస్తారు చాలామంది, కొంకి పురుగు గుడ్లు దాంట్లోంచే వస్తాయి, తడి, వెచ్చదనం, నీడ ఉంటే కొద్ది రోజుల్లోనే పిల్లలై ఇసకలో కాచుకుని ఉంటాయి. అవి ఎక్కేది ఎవరో ఒకరి పాప కాలికే. మనం ఎత్తేస్తే ఆ గీత ఇంకో పిల్ల కాలి మీద రాదు.

పిల్లల్ని ఎక్కడ ఆడుకోనివ్వాలి అంటే, కెరటాలు వచ్చి కడిగేసి వెళ్ళే గట్టి తడి ఇసక మేలు, పడవల నీడలో, బడ్డీల వెనక ఉండే పొడి ఇసకలో కుక్కలు, పిల్లులు పడుకుంటాయి, పురుగు ఉండేది అక్కడే. గూళ్ళు కట్టుకోవాలన్నా తడి ఇసకే కదా బాగా నిలబడేది. కానీ తడి ఇసక దగ్గర ఆడుతున్నారంటే పెద్దవాళ్ళు ఒకరు సముద్రం వైపు నిలబడాల్సిందే, ఫోన్ జేబులో పెట్టి. మన విశాఖ సముద్రం చూడ్డానికి శాంతంగా ఉంటది గానీ రెండడుగులు వేస్తే లోతు, వెనక్కి లాగే కెరటం పెద్దవాళ్ళనే పడేస్తుంది, ఏటేటా ఎంతమంది పోతున్నారో పేపర్లో చూస్తున్నాం. కుక్క నీళ్ళలో కొట్టుకుపోతోందని దాని వెనక దిగకండి, పిల్లల్ని అస్సలు దిగనివ్వకండి. అసలు ఆ పరిస్థితి రాకుండా పొడుగు తాడు కట్టి మోకాలు లోతు దాటనివ్వకుండా ఉంటే సరిపోద్ది.

తిండి సంగతి. బీచ్‌కి వెళ్ళి మురీ మిక్చర్ తినకుండా ఎవరూ రారు, పిల్లలు ప్రేమకొద్దీ పొట్లంలోంచి ఒక గుప్పెడు పండుకీ పెట్టేస్తారు. అందులో పచ్చి ఉల్లిపాయ ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలో ఎర్రకణాల్ని చితక్కొడతాయి, పచ్చిదైనా వండిందైనా ఒకటే, ఉల్లిపాయ వేసిన మిరపకాయ బజ్జీ కూడా అంతే. కాల్చిన మొక్కజొన్న తినేసి కంకి కుక్కకి పడేస్తారు చూడండి, అది ఇంకా ఘోరం, ఆ బెండు కడుపులో అరగదు, పేగులో అడ్డుపడితే ఆపరేషనే. చాక్లెట్, ద్రాక్ష, కిస్మిస్ వద్దు, వండిన కోడి ఎముకలు వద్దు, విరిగితే సూదుల్లా గుచ్చుకుంటాయి. దానికి కొంచెం పెరుగన్నం డబ్బాలో పెట్టుకెళ్ళండి, అదే హాయి.

బీచ్‌లో వేరే కుక్కల గుంపు ఎదురొస్తే పరిగెత్తకూడదు అని పిల్లలకి ఇంట్లోనే నేర్పాను, ఆటలా. చెట్టు అనగానే చేతులు ఒంటికి ఆనించి, కళ్ళు నేలకి దించి, కదలకుండా నిలబడాలి. కింద పడితే తాబేలు, అంటే ముడుచుకుని మెడ, చెవులు చేతులతో మూసుకోవాలి. హాల్లో పదిసార్లు ఆడితే ఆ టైముకి గుర్తొస్తుంది.

అన్నీ చేసినా ఒక్కోసారి కుక్క కరుస్తుంది, గీరుతుంది. అప్పుడు కారం, పసుపు, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు ఏదీ పెట్టకండి, గుడ్డతో గట్టిగా కట్టకండి. కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, వాచీ చూసుకుని మరీ. పదిహేను నిమిషాలంటే చాలాసేపు, చెయ్యి నొప్పెడుతుంది, పిల్ల ఏడుస్తుంది, అయినా ఆపకండి, రేబిస్ వైరస్‌లో చాలావరకు అక్కడే కొట్టుకుపోతుంది. తర్వాత అదే రోజు ఆసుపత్రికి. విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) ఉంది, మిగతా ప్రభుత్వాసుపత్రుల్లోనూ రేబిస్ ఇంజెక్షన్ ఉచితంగా వేస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అనే భయం ఇంకా కొంతమంది పెద్దవాళ్ళకి ఉంది, ఆ పద్ధతి ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు, చర్మంలోకి వేసే పద్ధతైతే మొదటి రోజు, దాన్ని సున్నాగా లెక్కేసి ఆ తర్వాత 3, 7, 28వ రోజు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇంకో ఇంజెక్షన్ కూడా వేస్తారు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అంటారు, అది వెయ్యాలా అని మీరే అడగండి. పుండు మీద నాకినా చూపించాల్సిందే. సొంత కుక్కే కదా టీకా వేశాం కదా అనుకున్నా ఒకసారి డాక్టరుని అడిగి నిర్ణయించుకోండి. రెండు డోసులు వేయించి తగ్గిపోయిందని మానెయ్యొద్దు, రేబిస్ లక్షణాలు మొదలయ్యాక కాపాడే మందు లేదు.

ఇంటికొచ్చాక అందరూ అలిసిపోయి సోఫాలో పడతారు, అసలు పని ఆ ఇరవై నిమిషాల్లోనే ఉంది. మేం లిఫ్ట్ ఎక్కకముందే కింద వాచ్‌మేన్ కుళాయి దగ్గర పండుని మంచినీళ్ళతో కడిగేస్తాం. ఉప్పు, ఇసక ఒంటి మీద ఉండిపోతే నాక్కుని నాక్కుని పుళ్ళు చేసేసుకుంటాడు. కాలివేళ్ళ మధ్య వేలు పెట్టి కడగాలి, పొట్ట కింద, తోక మొదట్లో కూడా. చెవుల్లోకి నీళ్ళు పోకుండా టవల్‌తో ఒత్తి తుడవండి, తడిగా వదిలేస్తే చెవి వాసనొచ్చి చీము పడుతుంది.

తుడుస్తున్నప్పుడే పిడుదులు వెతకాలి, గోమార్లు అంటారు చూడండి అవే. కంటితో కాదు వేళ్ళతో వెతకాలి, చెవి లోపలి మడతలో, మెడ బెల్టు కింద, కాలివేళ్ళ సందుల్లో. నేను మొదటిసారి పండు ముందుకాలు వేళ్ళ మధ్య ఆముదం గింజ ఇరుక్కుందనుకున్నాను, బూడిద రంగులో నున్నగా అచ్చం అలాగే ఉంది, గోరుతో తీయబోతే సన్నటి కాళ్ళు కదిలాయి. రక్తం తాగి ఉబ్బిన పిడుదు అది. వేళ్ళతో నలపకండి, కిరసనాయిలు పొయ్యకండి, అగ్గిపుల్ల పెట్టకండి. చిన్న పట్టకారుతో చర్మానికి ఆనించి దగ్గరగా పట్టుకుని తిన్నగా పైకి లాగి స్పిరిట్ ఉన్న సీసాలో వెయ్యాలి. రక్తం తాగి రాలిపోయిన ఆడది వేలల్లో గుడ్లు పెడుతుంది, అదీ కుక్క మీద కాదు, గోడ పగుళ్ళలో, మంచం కోళ్ళ సందుల్లో, గుమ్మం కింద. అందుకే కుక్కకి మందు వేసి ఇల్లు వదిలేస్తే మళ్ళీ మొదటికే వస్తుంది, రెండూ ఒకేసారి చెయ్యాలి. కుక్కకి వేసే చుక్కల మందు కొన్ని రకాలు పిల్లికి విషం, ఇంట్లో పిల్లి కూడా ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి. బీచ్ నుంచి వచ్చిన వారం రెండు వారాల్లో కుక్క తిండి మానేసి, ఒళ్ళు వేడిగా ఉండి, చిగుళ్ళు తెల్లబడితే, ముక్కులోంచి రక్తమొస్తే అది పిడుదుల జ్వరం కావొచ్చు, రక్తపరీక్ష చేయించాలి. మన పారాసిటమాల్, మన నొప్పి మాత్రలు వెయ్యకండి. మామూలుగానే దాని ఒంటి వేడి 101, 102 డిగ్రీలు ఉంటుంది, చెయ్యి పెట్టి జ్వరం అనేసుకోకండి.

పిల్లల కాళ్ళు మోకాళ్ళ దాకా సబ్బుతో, వేళ్ళ సందులతో సహా, గోళ్ళలో ఇసక పోయేలా. బట్టలు విడిగా బకెట్లో. చేతులు కడిగాకే ఏదైనా తినడం. మా మామయ్యగారికి షుగర్, ఆయన ఇసకలో ఉత్తికాళ్ళతో నడవడం ఎప్పట్నుంచో అలవాటు, ఇప్పుడు మానిపించాం. షుగరున్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, గవ్వ కోసినా తెలీదు. వెనక బెల్టున్న చెప్పులు వేసుకుంటున్నారు, రాగానే స్టూలు మీద కూర్చోబెట్టి చిన్న అద్దం కింద పెట్టి అరికాళ్ళు చూస్తాను, ఒకసారి మడమ దగ్గర గాజు ముక్క కనబడింది, ఆయనకి తెలియనే తెలియదు.

ఆ తర్వాత రెండు వారాలు స్నానం చేయించేటప్పుడు పిల్లల పాదాలు, పిరుదులు ఓసారి చూడండి, ఇసకలో కూర్చుంటారు కాబట్టి అక్కడా వస్తుంది. ఎర్రటి గీత కనబడితే గోకనివ్వకుండా గోళ్ళు కత్తిరించి, చివర పెన్నుతో చుక్క పెట్టి ఫోటో తీసి, మర్నాడు కదిలిందేమో చూసి ఆ రెండు ఫోటోలూ డాక్టరుకి చూపించండి.